రాక్షసుడికి పులితల పెట్టిందెవరు?

1977లో అమెరికాలో ఒక పుస్తకం అచ్చయింది. పేరు ‘మాన్‌స్టర్ మాన్యువల్’, రాసింది గ్యారీ గైగాక్స్. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలో ఎదురయ్యే వింత ప్రాణులన్నిటినీ అక్షర క్రమంలో పేర్చి, దేని బలం ఎంత, ఎక్కడ తిరుగుతుంది, ఎలా చస్తుంది అని రాసిన జాబితా అది. అందులో మన రాక్షసుడూ ఉన్నాడు. తల పులిది. దర్జా కోటు తొడుక్కుని, పైపు పట్టుకుని ఉంటాడు. మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. ఆ బాణం సంగతి వాల్మీకి రాసింది కాదు. 1974 చివర్లో అమెరికా టీవీలో వచ్చిన ‘కోల్‌చాక్’ అనే భయానక ధారావాహికలోది. పులితల మాత్రం ఆ పుస్తకంలోని బొమ్మతో స్థిరపడిపోయింది. తర్వాత యాభై ఏళ్లుగా ఎన్నో ఆటల్లో, బొమ్మల్లో రాక్షసుడంటే పులితలవాడే.

ఈ సంగతి నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు, చైతన్యపురిలో తెలిసింది. అక్కడ ఒక యానిమేషన్ శిక్షణ కేంద్రంలో విద్యార్థులు వేసిన బొమ్మలు చూడటానికి వెళ్లాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు తన ఆట కోసం రాక్షసుణ్ని గీశాడు. గీత బాగుంది, కండలు బాగున్నాయి. తల పులిది. ఎందుకట్లా అనడిగితే, “రెఫరెన్స్‌ల అట్లనే ఉంది సార్” అన్నాడు. మీ ఊళ్లో చెప్పే కథల్లో రాక్షసుడు ఎట్లుంటాడని అడిగాను. కాసేపు ఆలోచించి, “మా నాయనమ్మ చెప్పేది గానీ, అది యాడ రాసిలేదు కద సార్” అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే. కల్పిత ప్రపంచంలోని ప్రాణులకు జాబితా కట్టడం వీడియో గేమ్ తయారీలో ఇవాళ పెద్ద పని. ఆ పని లోకంలో ఎవరెవరు ఎలా చేశారు, మన దగ్గర దానికి ఏమేం ఉన్నాయి, ఏం జరగలేదు అన్నది చూడాలి.

ఆటగాళ్లు ఈ జాబితాను ‘బెస్టియరీ’ అంటారు. నేను ప్రాణికోశం అంటాను. అమరకోశం విన్న చెవికి ఆ మాట కొత్తగా ఉండదు. ఆటలో దీనికి రెండు పనులు. మొదటిది లెక్క: ఈ ప్రాణికి ఎంత బలం, దేనికి లొంగుతుంది, చంపితే ఏం దొరుకుతుంది. రెండోది కథ: ఇది ఎక్కడ పుట్టింది, ఎందుకిలా ఉంది. 2004లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ తెచ్చిన ‘మాన్‌స్టర్ హంటర్’ మొదటి పనిని శాస్త్రంలా చేసింది. ఏ ప్రాణి ఏ నేలలో ఉంటుంది, ఏం తింటుంది, ఏ అవయవం మెత్తన అన్నది వేటగాడు గమనించి తెలుసుకోవాలి. 2015 నాటి ‘విచర్ 3’లో రెండు పనులూ కలిశాయి. ఆటలోని ఊళ్లలో పుస్తకాలు కొని చదివితే ప్రాణికోశంలో కొత్త పుట తెరుచుకుంటుంది. ఆ పుటలో జానపద కథా ఉంటుంది, కత్తికి ఏ తైలం పూయాలో కూడా ఉంటుంది. పోలండ్ రచయిత ఆంద్రే సప్కోవ్‌స్కీ కథల మీద కట్టిన ఆట అది. మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే ఆడ దెయ్యం, అడవిని కాచే లేషీ లాంటి స్లావ్ పల్లె భయాలు దాని వల్లనే లోకమంతా తెలిశాయి. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని మన అమ్మమ్మలూ చెప్పారు. వాళ్ల మధ్యాహ్నం ఆటకెక్కింది, మనది ఎక్కలేదు.

జాబితా అసలు వద్దన్నవాళ్లూ ఉన్నారు. 2022లో వచ్చిన జపాన్ ఆట ‘ఎల్డెన్ రింగ్’లో ప్రాణికోశం లేదు. ఎదురయ్యేది ఏమిటో చెప్పే పుట ఎక్కడా దొరకదు. దొరికిన వస్తువుల వర్ణనలు చదువుకుని ఆటగాడే ఊహించుకోవాలి. పేరు పెట్టి, బలం లెక్కగట్టి రాసేస్తే వింత చచ్చిపోతుందన్నది ఆ వైపు వాదన. అందులో కొంత నిజముంది. అయితే జపాన్‌లో ఆ మౌనం చెల్లుతుంది. ఎందుకంటే అక్కడ జాబితాలు కట్టే పని రెండున్నర శతాబ్దాల కిందటే మొదలైంది.

1776లో తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు జపాన్ పల్లెల్లోని యోకాయిలకు, అంటే దెయ్యాలకు, మాయజీవులకు పుటకొకటిగా బొమ్మ వేసి పేరు రాసి పుస్తకం అచ్చేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో మిజుకి షిగెరు అదే దారిలో బొమ్మల కథలు గీశాడు. ఆ నేల మీదే 1996 ఫిబ్రవరిలో ‘పోకెమాన్’ పుట్టింది. దాన్ని రూపొందించిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టి పోగేసే పిల్లవాడు. తమ ఊరి పొలాలు, చెరువులు కాంక్రీటు కిందికి పోయాక, ఆ పురుగుల వేట సరదాను ఆటలో పెట్టాడు. మొదటి ఆటలో 151 ప్రాణులు. ఇప్పుడవి వెయ్యి దాటాయి. పోకెమాన్ చేసిన పెద్ద మార్పు సంఖ్య కాదు. అంతకుముందు జాబితా ఆట వెనక ఉండేది, ఇక్కడ జాబితా నింపడమే ఆట. పోకెడెక్స్ ఖాళీగా చేతికి వస్తుంది. వెతికి, చూసి, పట్టుకున్నకొద్దీ నిండుతుంది.

మరి మనవాళ్లు జాబితాలు కట్టలేదా? కట్టారు, చాలా ముందే కట్టారు.

వీధిబళ్ల కాలంలో తెలుగు పిల్లలు అమరకోశం నోటికి పట్టేవారు. దాని మొదటి కాండలో స్వర్గవర్గం ఉంది. అక్కడ దేవతల తర్వాత దేవయోనుల జాబితా వస్తుంది. సిద్ధులు, విద్యాధరులు, గంధర్వులు, కిన్నరులు, అప్సరసలు, యక్షులు, గుహ్యకులు, రాక్షసులు, పిశాచాలు, భూతాలు. మొత్తం పది తెగలు. అసురులు ఇందులో లేరు. వాళ్లకు వేరే చోటు. అంటే అమరసింహుడి లెక్కలో అసురుడు వేరు, రాక్షసుడు వేరు, పిశాచం వేరు. ఇవాళ ఇంగ్లీషు ఆటల్లో ముగ్గురినీ ‘డెమన్’ అనే ఒక్క సంచిలో వేస్తున్నారు, మన పిల్లలూ అదే సంచి మోస్తున్నారు. రాక్షసుణ్ని దేవయోనుల్లో ఎందుకు చేర్చారన్నది ఒక్కటి ఆలోచించినా మంచి ఆటకు కథ దొరుకుతుంది.

రామాయణం అరణ్యకాండలో ఇంకా గొప్ప జాబితా ఉంది. పంచవటికి పోయే దారిలో రాముడికి జటాయువు ఎదురవుతాడు. నువ్వెవరని అడిగితే తన పేరు చెప్పి ఊరుకోడు, సృష్టిలోని ప్రాణుల వంశాలన్నీ చెబుతాడు. కశ్యపుడి భార్య తామ్రకు అయిదుగురు కూతుళ్లు. క్రౌంచి గుడ్లగూబల్ని కన్నది. శ్యేని డేగల్ని, రాబందుల్ని కన్నది. ధృతరాష్ట్రి హంసల్ని, చక్రవాకాల్ని కన్నది. శుకి వంశంలో వినత, ఆమె కడుపున గరుడుడు, అరుణుడు. అరుణుడి కొడుకులు సంపాతి, తాను. గుడ్లగూబ, హంస లాంటి నిజం పక్షులూ, గరుడుడి లాంటి దివ్యపక్షీ ఒకే వంశవృక్షం మీద వాలి ఉన్నాయి. ఒక ప్రాణి తన నోటితో తన జాతి చరిత్ర చెప్పుకునే జాబితా ఏ వీడియో గేమ్‌లోనైనా ఉందా అని వెతికాను. నా కంటికైతే కనబడలేదు.

జాబితా పని ఎంత చిక్కో తెలియాలంటే శరభం ఒక్కటి చాలు. అమరకోశం రెండో కాండలో సింహాదివర్గం ఉంది. అక్కడ శరభం గవయం పక్కన, కుందేలు పక్కన మామూలు అడవి జంతువులా కూర్చుంది. ఇంకో వింత, అదే వరుసలో గంధర్వం అని ఒక మృగమూ ఉంది. స్వర్గవర్గంలో పాటలు పాడే గంధర్వుడు వేరు, అడవిలో గడ్డి మేసే గంధర్వం వేరు. ఒకే పేరుకు రెండు పుటలు కావాలి.

మహాభారతం శాంతిపర్వానికి వస్తే శరభం పెరిగిపోయింది. ఒక ముని ఆశ్రమంలో కుక్క ఉంటుంది. చిరుత భయానికి ముని దాన్ని చిరుతను చేస్తాడు, పులి వస్తే పులిని, ఏనుగు వస్తే ఏనుగును, సింహం వస్తే సింహాన్ని చేస్తాడు. చివరికి సింహాన్నీ చంపే ఎనిమిది కాళ్ల శరభం వస్తుంది. కుక్క శరభం అవుతుంది. అయ్యాక మునినే తినబోతుంది. ముని దాన్ని మళ్లీ కుక్కను చేస్తాడు. పోకెమాన్ ఆడే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. “ఇది ఎవల్యూషనే కదా” అంటారు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో వ్యాసుడు వరుస వేసి పెట్టాడు. అన్నిటికంటే పై మెట్టు శరభం.

శైవ పురాణాల దగ్గరికి వచ్చేసరికి శరభం జంతువే కాదు. హిరణ్యకశిపుణ్ని చంపాక ఉగ్రం తగ్గని నరసింహుణ్ని శాంతింపజేయడానికి శివుడెత్తిన రూపం. వైష్ణవుల కథ ఇక్కడ ఆగదు. ఆ శరభాన్ని అణచడానికి విష్ణువు గండభేరుండమయ్యాడంటారు. అదీ రెండు తలల పక్షి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద అది గోళ్లతో ఏనుగుల్ని పట్టుకుని ఎగురుతుంది. ఇవాళ కర్ణాటక రాజ్యచిహ్నంలో ఉంది. ఇప్పుడు జాబితా కట్టేవాడు ‘ఎవరు బలవంతులు’ అన్న గడిలో ఏం రాయాలి? అహోబిలంలో చెప్పే జవాబు వేరు, శైవక్షేత్రంలో చెప్పే జవాబు వేరు. ఆటకు ఒక్క అంకె కావాలి. ఆ గడిలో అంకె కంటే ముందు ‘ఎవరి కథలో’ అని రాసి తీరాలి. ఇది తప్పించుకునే దారి లేని నియమమని నా అభిప్రాయం.

పురాణాలు వదిలి పల్లెకు వస్తే జాబితా ఇంకా రుచిగా ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయలఫకీరును కత్తితో నరికితే చావడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. బాలవర్ధిరాజు అక్కడిదాకా పోవాలి. ప్రాణి ఒక చోట, దాని ఆయువుపట్టు ఇంకో చోట. ఆట నిర్మించేవాడికి ఇంతకంటే తయారైన సరుకు ఏం కావాలి? బ్రహ్మరాక్షసుడు చదువుకున్నవాడు, చెట్టు మీద ఉంటాడు, ప్రశ్న వేస్తాడు. బలంతో పనిలేదు, జవాబు తెలియాలి. కొరివి దెయ్యం చీకట్లో దూరంగా నిప్పు పట్టుకుని నడుస్తుంది, దారి తప్పిస్తుంది. ఇక తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాయడం చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కన్నడ ఊళ్లలో ‘నాళె బా’ అని రాసేవారు. రాత్రి పేరు పెట్టి పిలిచే ఆ దెయ్యం తలుపు మీద రాత చదివి వెనక్కి పోతుంది, రేపు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుంది. అక్షరం తెలిసిన దెయ్యం! దాన్ని ఆపేది కత్తీ కాదు, మంత్రమూ కాదు, నాలుగు మాటల వాక్యం. లోకంలోని ప్రాణికోశాలు ఎన్ని తిరగేసినా ఇంత తెలివైన రక్షణ నాకు కనిపించలేదు.

అచ్చులో మనకున్న పెద్ద కల్పిత ప్రపంచం చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు రాశారు. 1954 నాటి ‘తోకచుక్క’ నుంచి ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘భల్లూక మాంత్రికుడు’ దాకా. వాటికి చిత్రా బొమ్మలు వేశారు. బేతాళ కథలకు శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజం మీది శవం తెలుగువాళ్ల కళ్లలో నిలిచిపోయాయి. వందల ప్రాణులు, లోయలు, దుర్గాలు, మాంత్రికులు. అంత ప్రపంచాన్నీ కూర్చిన రచయిత పేరైనా ఆ సీరియళ్ల మీద ఉండేది కాదు. ఏ సీరియల్లో ఏ ప్రాణి వచ్చింది, ఎలా ఉంటుంది, చిత్రా దాన్ని ఎట్లా గీశారు అన్న సూచిక ఒక్కటుంటే ఎంత బాగుండేది! పాత సంచికలు స్కాన్ చేసి దాచుకున్న అభిమానులున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. ఆ ఓపిక మీద సూచిక కట్టే పని మిగిలే ఉంది.

రాతిలో ఉన్న జాబితా సంగతి క్లుప్తంగా చెబుతాను. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని చూరు కింద మదనికల వరుసలోనే ఏనుగు మీద లంఘించే సింహరూపాలున్నాయి. లేపాక్షిలో ఏడు పడగల నాగు ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో పెదశేషుడు, చినశేషుడు, హంస, సింహం, గరుడుడు, గజం, అశ్వం ఒకదాని తర్వాత ఒకటిగా మాడవీధుల్లోకి వస్తాయి. కొత్తపేట అష్టలక్ష్మి గుడి ముందు రోజూ నడిచేవాళ్లలో మకరతోరణంలోని మకరానికి తొండమెందుకు, మొసలి నోరెందుకు అని ఆగి చూసేవాళ్లెంతమంది? చైనావాళ్లు ఆగి చూశారు. 2024 ఆగస్టులో వచ్చిన ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ కోసం 36 చోట్ల పాత గుళ్లనూ శిల్పాలనూ పరిశీలించి ఆటలోకి తెచ్చారు. వాటిలో 27 ఒక్క షాన్‌షీ రాష్ట్రంలోనివే. ఆ ఆట ప్రాణికోశంలో రెండు వందలకు పైగా పుటలున్నాయి. ప్రతి పుటకూ ఒక బొమ్మ, ఒక పద్యం, ఒక చిన్న కథ. బలం అంకెలు కాదు, కథలు! మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. స్థానిక కథను లోతుగా చెబితే బయటివాడికి అర్థం కాదన్న వాదన అక్కడితో తేలిపోయింది.

హైదరాబాద్ ఈ రంగానికి కొత్త ఊరు కాదు. ఛోటా భీమ్ గీసింది ఇక్కడే. 2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ తెచ్చింది. దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సభ ఐజీడీసీ 2022 నుంచి 2024 దాకా ఏటా ఈ నగరంలోనే జరిగింది. ఇక్కడి ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే ఆట తెచ్చింది. సగం అసురుడైన నాయకుడు పగ తీర్చుకునే కథ. దేవతల వైపు కాకుండా అసురుడి వైపు నుంచి ఆట నడపడం ధైర్యమే. మూడేళ్ల తర్వాత పుణె నుంచి నాడింగ్ హెడ్స్ ‘రాజీ’ వచ్చింది. తమ్ముణ్ని అసురులు ఎత్తుకుపోతే అక్క వెతుక్కుంటూ పోయే కథ. రెండూ మంచి ప్రయత్నాలు. రెండింటిలోనూ ప్రాణులు సంస్కృత పురాణాల నుంచే ఎక్కువగా వచ్చాయి. కొరివి దెయ్యం ఇంకా ఏ తెర మీదా నడిచినట్టు నేను చూడలేదు.

ఈ పనిలో ప్రమాదాలున్నాయి, దాచకుండా చెప్పాలి. 2008లో ‘ఫాల్ఔట్ 3’ అనే ఆటను సాంస్కృతిక కారణాలంటూ మైక్రోసాఫ్ట్ భారతదేశంలో విడుదల చేయలేదు. ఏ కారణమో విడమర్చి చెప్పలేదు గానీ, అందులోని రెండు తలల ఆవుకు ‘బ్రామిన్’ అని పెట్టిన పేరే కారణమని అందరూ అనుకున్నారు. 2012లో ‘స్మైట్’ ఆటలో కాళిని చూపిన తీరు మీద అమెరికాలోని హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఎవరో పూజించేదాన్ని ఇంకెవరో ఆటసరుకు చేయడం వల్ల వచ్చే గొడవలివి. ఇది విదేశీయులు మాత్రమే చేసే తప్పని మనం అనుకోకూడదు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశం గోండులు కొలిచే నాగోబా వాళ్లకు దేవుడు. హైదరాబాద్‌లో కూర్చున్న ఎవరో ‘పాము జాతి, బలం 40’ అని రాస్తే అది అమెరికావాడి పులితల కంటే ఘోరం.

రెండో ప్రమాదం ఇంకా బరువైంది. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన పల్లెల్లో జరిగాయి. దెయ్యం పట్టిందని ఆడవాళ్లను హింసించిన ఇళ్లున్నాయి. ప్రాణికోశం ఆ నమ్మకానికి అచ్చు ముద్ర వేయకూడదు. దెయ్యం కథను రాయాలి. ఫలానా మనిషి దెయ్యమని, ఫలానా కులం మాంత్రికులని చెప్పే కథ వస్తే, అది ఎవరి మీద నింద అన్నది కూడా పక్కనే రాయాలి. భయపెట్టే కథలో భయపడినవాళ్లే కాదు, బలైనవాళ్లూ ఉంటారు.

ఇక నిజం ప్రాణుల కోసం ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద కొద్దిదూరం పోదాం. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటమైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో జింకలకు ఆశ్రయమైంది. 3,600 ఎకరాలకు పైచిలుకు నేల. ఇందులో తిరిగే కృష్ణజింకే అమరకోశం సింహాదివర్గంలో కృష్ణసారమనే పేరుతో ఉన్నది. మెలితిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని పొట్ట. మొదటిసారి చూసినవాడికి ఎవరో ఊహించి గీసినట్టే ఉంటుంది.

2002లో ‘సైన్స్’ పత్రికలో ఆండ్రూ బామ్‌ఫర్డ్, ఆయన సహచరులు ఒక చిన్న అధ్యయనం అచ్చేశారు. ఇంగ్లాండు బడిపిల్లలకు బొమ్మల కార్డులు చూపి పేర్లడిగారు. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్లలో నూటికి 78 గుర్తుపట్టారు. తమ దేశపు నిజం జంతువుల్లో, మొక్కల్లో నూటికి 53 మాత్రమే. ఆ వయసు దాటాక నిజం ప్రాణుల జ్ఞానం పెరగనూ లేదు. పరిశోధకులు పిల్లల్ని తిట్టలేదు. పిల్లలకు ప్రాణుల్ని నేర్చుకునే శక్తి అపారంగా ఉంది, మనమే నిజం ప్రాణుల్ని పోకెమాన్ అంత ఆకర్షణీయంగా చూపలేకపోతున్నామన్నారు. నాకు ఆ మాట నచ్చింది. కల్పిత ప్రాణికోశం నిజం ప్రాణికి శత్రువు కానక్కర్లేదు. జటాయువు చెప్పిన చెట్టు మీద రెండూ కలిసే ఉన్నాయి కదా! తెలుగు ఆటలో ఒక అడవి ఉంటే, శరభం తిరిగే ఆ అడవిలో కృష్ణజింకకూ ఒక పుట ఉండాలి, పాలపిట్టకూ ఉండాలి. ఆదివారం హరిణ వనస్థలికి పోయిన పిల్ల ‘ఇది నా ఆటలో ఉంది’ అనాలి.

ఇక చైతన్యపురి పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్. ఇక్కడి గల్లీల్లో హాస్టళ్లు ఎన్నో లెక్క తెలియదు. గ్రూప్స్ కోచింగ్‌కు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు, బ్యాంకు పరీక్షలకు నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచీ, కృష్ణా దాటి గుంటూరు, ప్రకాశం నుంచీ పిల్లలు వస్తారు. ఒక్కో గదిలో నాలుగు మంచాలు, నాలుగు జిల్లాలు. జానపద పరిశోధకుడు ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగితే గానీ దొరకని కథలు ఇక్కడ ఒక్క మెట్ల వరుసలో నిద్రపోతున్నాయి. ఆ పిల్లలే ఆటలు ఆడతారు, వాళ్లలో కొందరే ఆటలు తయారుచేయబోతారు. తెలుగు ప్రాణికోశం మొదలుపెట్టడానికి విశ్వవిద్యాలయం కంటే ఈ హాస్టల్ గదులే సరైన చోటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎలా రాయాలో కూడా చెబుతాను. పేరు మొదట రాయాలి, ఊరి ఉచ్చారణలోనే రాయాలి. బేతాళుడు, భేతాళుడు, వేతాళుడు మూడూ రాయాలి, ఒకటి దిద్ది మిగతావి కొట్టేయొద్దు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, వాళ్లకు ఎవరు చెప్పారన్నది రెండో మాట. చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పేరు వేయాలి, ఒప్పుకోకపోతే ఊరు చాలు. తర్వాత రూపం, తిరిగే చోటు, తిరిగే వేళ, దేనికి భయపడుతుంది. ఎవరైనా దాన్ని కొలుస్తారా అన్నది తప్పకుండా ఉండాలి. బలం అంకె చివర్లో ఆట తయారుచేసేవాడు వేసుకుంటాడు, అది మన పని కాదు.

ఈ వ్యాసం రాస్తుండగా సూర్యాపేట కుర్రాడు ఫోన్ చేశాడు. పండక్కి ఊరికి పోయినప్పుడు నాయనమ్మను అడిగి రాసుకున్నాడట. ఆమె చెప్పిన రాక్షసుడికి పులితల లేదు. మనిషి తలే. ఆకలైనప్పుడు మాత్రం నోరు చెవులదాకా తెరుచుకుంటుంది. “నాయనమ్మ, మా ఊరు అని పైన రాసిన సార్” అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక్క ప్రాణి గురించి అడిగి, ఒక్క పుట రాసుకుని రండి. చెప్పగలిగిన నాయనమ్మలు, తాతలు ఎనభైల్లో ఉన్నారు.